పోయిన పన్ను

దవడపన్ను పోయినప్పుడు “కనబడనిదే కదా” యని మేము రెండేండ్లు ఉపేక్షించితిమి. బడిపంతులుగారి జీతములో పిల్లల పుస్తకముల తరువాతనే గదా తల్లి పన్ను! ఒక ప్రక్కనే నమలుచుంటిమి. క్రమముగా ప్రక్కపన్ను ఖాళీవైపునకు ఒరిగెను. పన్ను లేనిచోట దవడయెముకయు తరుగునని దంతవైద్యురాలు చెప్పినపుడు మా పొదుపు పొదుపు కాదని తెలిసినది.

వంతెనవలెఁ గట్టు పన్నునకై ఇరుప్రక్కల మంచిపండ్లను అరగదీయవలెను. ఇంప్లాంటునకు ఆ పని లేదు. స్వీడను దేశీయుడగు బ్రోనెమార్కు 1952 ప్రాంతమున, కుందేటి యెముకలో నమర్చిన టైటానియము దానితో నేకమగుట గమనించెను. 1965లో దానిని మనుష్యుని దవడయందు దంతములకై వాడెను. మరమేకువంటి వేరును ఎముకలో నాటి, సాధారణముగా 3 మొదలు 6 నెలలు ఆగి, పైని పన్ను తొడుగుదురు.

మధుమేహము అదుపులో లేనివారికిని, పొగ త్రాగువారికిని ఇది చెడు భయమెక్కువ. ఈ పన్నునకు పుచ్చు పట్టదు గాని, శుభ్రత లేనిచో చిగురు వాచి చుట్టునున్న యెముక కరగును.

గాజులకై దాచిన సొమ్ము దీనికే చెల్లినది. మాకు విచారము లేదు. అందఱికిని వడ్డించి కడపట దినువారమైనను, నమలుటకు మనకును పండ్లు కావలయును గదా!