రోహిణి ఎండల్లో... గాలం వేళ!

ఎండాకాలం సెలవులు. పొద్దున్నే తొమ్మిదికల్లా రోడ్డు మీద అడుగు పెట్టలేని ఎండ. అలాంటి రోజుల్లోనూ మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల చెరువుగట్ల మీద గాలాలు పట్టుకుని కూర్చునేవాళ్లు కనిపిస్తారు. కాకపోతే వాళ్లను చూడాలంటే కోడి కూయకముందే లేవాలి!

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే అప్పా కూడలి దాటగానే ఊరు వాతావరణం మొదలవుతుంది. దారికి అటూఇటూ వందలాది మర్రిచెట్లు. కొమ్మలు రెండువైపుల నుంచీ వచ్చి కలిసిపోయి పందిరి వేసినట్టుంటాయి. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్లేవారికి మండుటెండలో ఆ నీడే పెద్ద ఊరట. ఈ ప్రాంతానికి రెండు నదులు రెండు కళ్లు. ఒకటి మూసీ, రెండోది ఈసీ. 1908 సెప్టెంబరులో మూసీ వరదలు హైదరాబాద్‌ను ముంచెత్తాక, మళ్లీ ఆ ముప్పు రాకుండా ఈ రెండు నదులకూ అడ్డుకట్టలు వేశారు. అలా మూసీ మీద 1920లో గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్లేవాళ్లకు గండిపేట నీళ్లు కొత్తేమీ కాదు. వీటికి తోడు ఊరికో చెరువు, కుంట.

చేపకూ ఎండ దెబ్బే

కార్తెల లెక్కన మే 11 ప్రాంతంలో కృత్తిక, 25 ప్రాంతంలో రోహిణి వస్తాయి. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. మరి నీళ్లలో ఉన్న చేపకు చల్లగానే ఉంటుందా? అదేం లేదు. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములే. మరోవైపు వేడికి చేప ఒంట్లో ప్రాణవాయువు ఖర్చు పెరుగుతుంది. రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ!

అందుకే ఎండెక్కగానే బొచ్చె, రోహు వంటి చేపలు నీడకో, కాస్త చల్లగా ఉండే లోతుకో చేరతాయి. మేత మీద ధ్యాస తగ్గుతుంది. గోధుమపిండి ముద్ద ముక్కు ముందు పెట్టినా పట్టించుకోవు. గాలం వేసేవాళ్లు తెల్లవారుజామున ఓ రెండు గంటలు, పొద్దుగూకే ముందు మరో రెండు గంటలు చూసుకునేది ఇందుకే. నాచు దట్టంగా ఉన్న కుంటల్లో మాత్రం ఓ చిక్కుంది. రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువును వాడేసుకుంటుంది కాబట్టి తెల్లవారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. అది ఆకలి కాదు, ఆయాసం.

కొర్రమట్ట రూటే వేరు

ఇంత వేడిలోనూ ధీమాగా ఉండేది ఒక్క కొర్రమట్టే. పుస్తకాల్లో దాని పేరు కొరమీను. తెలంగాణ రాష్ట్ర చేప కూడా ఇదే. మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చుకునే ఏర్పాటు దీనికుంది. కొద్ది నిమిషాలకోసారి పైకొచ్చి గుటకేసి వెళ్తుంది. నీళ్లు అడుగంటితే తడి బురదలోకి దూరి వానల దాకా కాలం గడిపేస్తుంది. అమెరికాలో గాలం సరదా ఉన్నవాళ్లకు బాస్ చేప ఎంతో, మనవాళ్లకు కొర్రమట్ట అంత. రెండూ మాటువేసి మీదపడే రకమే. రెండింటికీ కప్ప బొమ్మ ఎర చూపిస్తే చాలు!

డల్లాస్‌లో ఉండే మన తెలుగువాళ్లకు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ పేరు తెలిసే ఉంటుంది. బాస్ చేపలకు పేరున్న సరస్సది. టెక్సాస్ ఎండ కూడా తక్కువేం కాదు. అక్కడా వేసవిలో గాలం వేళ తెల్లవారుజామే. కాకపోతే లైసెన్సు ఉండాలి. పట్టిన చేపను తిరిగి వదిలేసే అలవాటు చాలామందికి ఉన్నా, వేడినీటిలో పెనుగులాడి అలిసిన చేప వదిలేసినా బతకడం కష్టం. అందుకే త్వరగా లాగి, వీలైనంతవరకు నీళ్లలోనే ఉంచి కొక్కెం తీస్తారు.

ఆఖరి మడుగు

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో మొదలవుతుంది. ఆ రోజు చేప తినాలన్నది మన ఇళ్లలో పాత ఆనవాయితీ. హైదరాబాద్ నాంపల్లిలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదానికీ కావలసింది బతికున్న కొరమీను పిల్లలే. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేకపోయినా జనం నమ్మకం మాత్రం తరగలేదు. ఇలా సరిగ్గా చెరువులు అడుగంటే రోజుల్లోనే చేపకు గిరాకీ పెరుగుతుంది.

వానల్లో వదిలిన చేపపిల్లలు పెరిగి, వేసవిలో నీళ్లు తగ్గాక వలకు చిక్కితేనే మత్స్యకార కుటుంబాలకు ఏడాది కష్టానికి ఫలితం. బొచ్చె, రోహు కదలని చెరువు నీటిలో గుడ్లు పెట్టవు కాబట్టి వాటి పిల్లలను ఏటా తెచ్చి వదలాల్సిందే. కొర్రమట్ట అలా కాదు. వానలు పడగానే చెరువులోనే గూడు కట్టి గుడ్లు పెడుతుంది. ఎర్రగా బంతిలా తిరిగే పిల్లల గుంపుకు తల్లిదండ్రులే కాపలా. ఆఖరి మడుగులో ఉన్నవాటిని కూడా బురద తవ్వి పట్టేస్తే మళ్లీ గూడు కట్టేదెవరు? కాపలా చేపను గాలంతో లాగేస్తే ఆ పిల్లలు మిగతా చేపలకు ఫలహారమే.

అసలు చెరువే మిగలాలి కదా! జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలపై 1996లో 111వ నంబరు జీవో ఆంక్షలు పెట్టింది. 2022లో వచ్చిన 69వ నంబరు జీవో వాటిని సడలించింది. భూమికి ధర వస్తుందని సంబరపడేవాళ్లూ ఉన్నారు, వాననీరు చెరువుకు చేరే దారులు మూసుకుపోతాయని బెంగపడేవాళ్లూ ఉన్నారు.

సెలవుల్లో పిల్లల్ని తీసుకుని అటు వెళ్తే గాలం వేసే ముందు అక్కడ అనుమతి ఉందో లేదో ఊళ్లో కనుక్కోండి. చెరువులో చేపల మీద హక్కు సాధారణంగా మత్స్యకారుల సంఘానిది. పూడిక తీసిన గుంతల లోతు పైకి కనిపించదు కాబట్టి పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వద్దు. టోపీ, మంచినీళ్ల సీసా మరవద్దు. పొద్దెక్కగానే గాలం చుట్టేసి మర్రి నీడకు చేరడం మేలు. చేపలు చేసే పనీ అదేగా!