గోడకి చెమ్మ పడితే మాట మా మీద పడింది

కొంచెం పెద్ద పోస్టు. అద్దె బిల్డింగుల్లో నడిచే హాస్టళ్లలో ఉంటున్నవాళ్లు, రూము తీసుకుని చదువుకుంటున్నవాళ్లు చివరిదాకా చదవండి.

మేము పాడేరు వైపు ఊళ్ల నుంచి వచ్చి విశాఖలో చదువుకుంటున్నాం. మా ఇళ్లలో మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. మా హాస్టలు ఒకప్పుడు అపార్ట్‌మెంటు, ఇప్పుడు అద్దెకి తీసుకుని నడుపుతున్నారు. ఒక రూములో తొమ్మిదిమందిమి. వానలు మొదలయ్యేసరికి గోడ మీద అరచేయంత చెమ్మ కనబడింది. నెల తిరక్కుండా మంచం ఎత్తు దాకా పాకి, నల్లగా బూజు పట్టింది. పెట్టెలో దాచుకున్న సర్టిఫికెట్లు కూడా మెత్తబడ్డాయి.

వెళ్లి చెప్పాం. "ఏజెన్సీ పిల్లలు కదా, బాత్రూం వాడటం రాదు, నీళ్లు గుమ్మరించేస్తారు. తడి బట్టలు రూములో ఆరేస్తారు" అన్నారు. ఓనరుదీ అదే మాట. చెమ్మ కంటే ఆ మాటే ఎక్కువ కుట్టింది.

మాలో ఒక తమ్ముడికి చిన్నప్పట్నుంచి ఆయాసం. వాడి మంచం ఆ గోడ పక్కనే. మంచం మార్చాం గాని గాలి మార్చలేం కదా. రాత్రి పడుకోలేక కూర్చునేవాడు. వాళ్లమ్మ ఫోన్లో ఏడ్చింది, "చదువు సాలు, వచ్చీరా నాయనా" అంది. వాడు నిజంగానే బ్యాగు సర్దేశాడు. ఒక పైపు కోసం ఒక కుర్రాడి చదువు ఆగిపోతుందా అని అప్పుడు గట్టిగా అనుకున్నాం.

మాకు ప్లంబింగ్ రాదు. కాని నీళ్ల సంగతి తెలుసు. కొండ ఊట నుంచి పైపు వేసుకుని ఊరికి నీళ్లు తెచ్చుకునేవాళ్లం, ఎక్కడ కారుతుందో వెతకడం చిన్నప్పుడే చూశాం. ముందు చెమ్మ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాశాం, ఫోటో తీశాం. పై అంతస్తులో మా గోడకి సరిగ్గా పైనున్న బాత్రూంకి రెండు రోజులు తాళం వేయించాం. ఒక్కరు స్నానం చెయ్యలేదు, అయినా చెమ్మ గీత దాటింది. అంటే మేము పోసిన నీళ్లు కావు. తర్వాత డాబా మీద ఆ బాత్రూంకి వచ్చే లైను గేట్ వాల్వ్ మూడు రోజులు కట్టేశాం. చెమ్మ అక్కడే ఆగింది. ట్యాంకు నుంచి వచ్చే పైపులో నీళ్లు ఎప్పుడూ నిండి ఉంటాయి కాబట్టి, అది చితికితే కొళాయి తిప్పకపోయినా కారుతుంది.

ఫోటోలు, తేదీలు జతచేసి అర్జీ రాశాం. హాస్టల్లో అందరం సంతకాలు పెట్టాం. గ్రీవెన్స్ రోజున ఇచ్చి, రెండో కాపీ మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకున్నాం. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో కొళాయి వాషర్లు మార్చడం అద్దెకున్నవాళ్ల పని అని, అవసరమైతే పైపులు మార్చడం ఓనరు పని అని ఉంది. అది నమూనాయే, రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అమలు. అయినా ఆ సంగతీ అర్జీలో రాశాం.

పన్నెండో రోజున ప్లంబర్ వచ్చాడు. గోడ కొడితే లోపల ఎల్బో చీలి ఉంది. మా వైపు చూసి "మీ గీతలు చూసే ఇక్కడ కొట్టాను" అన్నాడు. బాత్రూం వాడటం రాదన్న మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

మర్నాడే రంగు వేసేస్తామన్నారు, మేము ఒప్పుకోలేదు. చోళ్లు సరిగ్గా ఎండకుండా గాదెలో పోస్తే ఏమవుతుందో మా అమ్మలకి తెలుసు. విత్తనాలు పొయ్యి పైన అటక మీద పెట్టేది అందుకే. తడి గోడ మీద రంగు వేస్తే కింద బూజు బతికే ఉంటుంది, రంగు పొక్కిపోతుంది. కిటికీలు తీసి, ఫ్యాను పెట్టి మూడు వారాలు ఆరనిచ్చాం.

బూజు తీసేటప్పుడు జాగ్రత్త. పొడిగా గీకొద్దు, గాల్లోకి లేస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, సబ్బు నీళ్లతో తడిపి తుడవండి. బ్లీచింగ్ పౌడరు వాడితే అందులో బాత్రూం యాసిడ్ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులు పాడవుతాయి. ఆయాసం ఉన్నవాళ్లని ఆ పూట బయటికి పంపండి.

తమ్ముడు బ్యాగు విప్పాడు. సెమిస్టరు పరీక్షలు రాస్తున్నాడు. మూలన ఇంకా కొంచెం నలుపు ఉంది, అక్కడా గీత గీసి పెట్టాం.

మీ రూముల్లో ఇలాంటిది ఉంటే తేదీతో ఫోటో తీసి కామెంట్లో పెట్టండి. అర్జీ ఎలా రాయాలో తెలియకపోతే మొహమాటపడొద్దు, మాది పంపిస్తాం, పేర్లు మార్చుకుని వాడుకోండి.

జై ఆదివాసీ.