ఎవరూ చూడకుండానే ఇంట్లోకి

హైదరాబాద్

ప్రియమైన నేస్తమా,

లండన్‌లో కొత్త ఉద్యోగం నచ్చిందని రాశావు, సంతోషం. మన దగ్గర టీవీ యాడ్‌లను ప్రసారానికి ముందు ఎవరు చూస్తారని అడిగావు కదా. ప్రైవేటు ఛానళ్లలో వచ్చే మామూలు సరుకుల యాడ్‌ల విషయంలో, ముందే చూసి తీరాల్సిన బయటి సంస్థ ఏదీ లేదు.

2022 జూన్ మొదటి రోజులు గుర్తున్నాయా? జూబ్లీహిల్స్‌లో ఓ మైనర్ బాలికపై సామూహిక అత్యాచారం జరిగిందన్న వార్తతో ఊరు ఉడికిపోతోంది. సరిగ్గా అప్పుడే లేయర్ షాట్ బాడీ స్ప్రే యాడ్ వచ్చింది. దుకాణంలో ఒక అమ్మాయి, ఆమె వెనక నలుగురు మగవాళ్లు. మనం నలుగురం, ఉన్నది ఒకటే, షాట్ ఎవరిదని మాట్లాడుకుంటారు. ఆమె భయంతో తిరిగి చూస్తుంది. తీరా వాళ్లంటున్నది అరలో మిగిలిన ఒక్క సీసా గురించి. ఆ పిల్ల ముఖంలో భయం తీసేస్తే ఆ యాడ్‌లో ఇంకేమీ లేదు. దాన్ని నవ్వుకోమని మనకు చూపించారు.

జనం తిట్టిపోశారు. ప్రకటనల ప్రమాణాలు చూసే ఆస్కీ, ఇది తన నియమావళికి తీవ్రమైన ఉల్లంఘన అని చెప్పి ఆపమంది. జూన్ 4న కేంద్ర సమాచార ప్రసార శాఖ ట్విట్టర్, యూట్యూబ్‌లను ఆ వీడియోలు తీసేయమంది. కంపెనీ క్షమాపణ చెబుతూనే, అవసరమైన అనుమతులన్నీ వచ్చాకే ప్రసారం చేశామంది. నాకు కడుపు మండింది అక్కడే. స్క్రిప్టు రాసినవాళ్లు, తీసినవాళ్లు, డబ్బు పెట్టినవాళ్లు, ప్రసారం చేసిన ఛానల్‌వాళ్లు, ఇంతమందిలో దాన్ని ఆపగలిగినవాళ్లు ఒక్కరూ లేకపోయారా?

ఆస్కీ 1985లో ప్రకటనల రంగంవాళ్లే పెట్టుకున్న సంస్థ. దాని పని ప్రధానంగా యాడ్ బయటికి వచ్చాకే మొదలవుతుంది. ఆ నియమావళిని మీరిన యాడ్ వేయకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. అంటే బాధ్యత ఛానల్‌దే. కానీ ఛానల్ ఆపకపోతే, ఆస్కీ కదిలేలోగా ఇంటింటా పిల్లలు చూసేస్తారు. ఫెయిర్ అండ్ లవ్లీ సంగతీ అంతే. కొడుకుంటే బాగుండేదని తండ్రి నిట్టూరిస్తే, కూతురు క్రీము రాసుకుని తెల్లబడి ఎయిర్ హోస్టెస్ అయ్యే యాడ్. మహిళా సంఘాలు 2002 నుంచి పోరాడితే 2003లో ప్రభుత్వం ఆపించింది.

మీ దగ్గర క్లియర్‌కాస్ట్ అనే సంస్థ ముందే స్క్రిప్టు చదువుతుంది, పూర్తయిన యాడ్ చూస్తుంది. అదీ లోపం లేనిదేం కాదు. 2018లో ఐస్‌లాండ్ అనే సూపర్‌మార్కెట్ పామాయిల్ మీద వేయబోయిన ఒరంగుటాన్ యాడ్‌ను, గ్రీన్‌పీస్‌తో ముడిపడి ఉందని, రాజకీయ ప్రకటనల నిషేధం కింద ఆపేసింది. అడవుల నరికివేత గురించిన మాట అలా టీవీకెక్కకపోవడం నాకు బాధే. అయినా అక్కడ ఎవరు వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో తెలిసింది.

మన దగ్గర అరుపే తీర్పవుతోంది. 2020 అక్టోబరులో తనిష్క్ యాడ్‌లో ముస్లిం అత్తవారు హిందూ కోడలికి సీమంతం చేశారు. అందులో తప్పేమీ లేదని ఆస్కీ తేల్చినా, బెదిరింపుల మధ్య కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. ఒక మంచి యాడ్ పోయింది. అందుకే జనాగ్రహాన్ని ప్రమాణంగా పెట్టుకోవడానికి నేను ఒప్పుకోను.

2024 మే 7న సుప్రీంకోర్టు, ప్రకటన వేసే ముందు కంపెనీలు స్వీయ ధ్రువీకరణ ఇవ్వాలంది. మంచి ఉద్దేశమే. కానీ తన సరుకు బాగుందని అమ్మేవాడే రాసిచ్చే కాగితం అది. నాకు కావలసింది వేరు. ప్రతి ఛానల్‌లో ఒక మనిషి యాడ్ మొత్తం చూసి, పేరు పెట్టి సంతకం చెయ్యాలి. వద్దంటే కారణం రాయాలి.

నువ్వు యాడ్‌లను ముందే చూసే పనిలోనే ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను. స్క్రిప్టు మీ బల్ల మీదికి వచ్చినప్పటి నుంచి ఏమేం చూస్తారు, ఎవరు సంతకం చేస్తారు, గొడవొస్తే ఎవరు జవాబు చెబుతారు? వివరంగా రాయి. నా దగ్గర జర్నలిజం చదివే పిల్లలకు వచ్చే నెల అదే పాఠం చెప్పాలి.

నీ స్నేహితురాలు