బండకొక తీరు, చెక్కకొక తీరు

రాయచోటిలో ఒక పాత వీధిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిస్తే గోడలు ఎన్ని రకాలో తెలిసిపోతుంది. రాయీ మట్టీ కలిపి కట్టిన మిద్దెలు, వాటిని ఆనుకొని ఎర్ర ఇటుక ఇళ్లు, సిమెంటు ఇటుక ఇళ్లు, ఊరు 2022లో జిల్లా కేంద్రమయ్యాక లేచిన కాంక్రీటు మేడలు. లోపలికి పోతే కడప బండ అలమరలు, వంటింట్లో టైల్స్, వేపచెక్క తలుపులు, ఇనుప గ్రిల్లులు. వీటన్నిటికీ చిల్లు పెట్టేది ఒకే డ్రిల్లింగ్ మిషన్. మీట నొక్కితే తిరగడమే దానికి తెలుసు. ఎదురుగా ఉన్నది ఏమిటో తెలియాల్సింది దాన్ని పట్టుకున్న మనిషికి.

వడ్లాయన బరమాతో చిల్లు పెట్టే రోజుల్లో చెయ్యి ఆగితే పనిముట్టూ ఆగేది. విద్యుత్తు ఆ లెక్క మార్చింది. 1889లో మెల్‌బోర్న్‌లో ఆర్నాట్, బ్రెయిన్ అనే ఇద్దరు విద్యుత్ డ్రిల్లుకు పేటెంటు పొందారు. పిస్తోలు పిడి, వేలి కింద మీట ఉన్న రూపానికి బ్లాక్ అండ్ డెకర్ కంపెనీకి 1917లో పేటెంటు వచ్చింది. ఆ మీట గొప్ప సౌకర్యం. వేగమంతా వేలి కొసకు వచ్చింది కాబట్టి, ఎక్కడ మెల్లగా తిప్పాలో ఆ వేలికి నేర్పడమే ఈ పనిలో సగం విద్య.

మొదట గోడను వేలితో తట్టి వినాలి. పాత మిద్దె గోడలో మట్టి పూసిన సందులో చిల్లు పెడితే స్క్రూను పట్టుకునే ప్లగ్గు నిలవదు. రాయి ఎక్కడుందో చూసుకొని రాతిలోనే పెట్టాలి. బోలు ఇటుకైతే మిషన్ తిరుగుతూనే దెబ్బ కూడా కొట్టే హ్యామర్ పద్ధతి వాడకూడదు, లోపలి పలుచటి గోడలు పగిలిపోతాయి. గట్టి ఇటుకకు ముందు హ్యామర్ లేకుండా చిన్న గుంట చేసి, బిట్టు కుదురుకున్నాక హ్యామర్ పెట్టాలి. ఆరు మిల్లీమీటర్ల ప్లగ్గుకు ఆరు మిల్లీమీటర్ల బిట్టే. లోతు ప్లగ్గు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. ఆ కొలతకు బిట్టు మీద టేపు చుట్టుకుంటే చాలు. కాంక్రీటులో బిట్టు హఠాత్తుగా మొరాయించి శబ్దం మారితే లోపల కమ్మీ తగిలినట్టు. అక్కడ బలం చూపకుండా కొంచెం పక్కకు జరగాలి.

మన కడప బండ సంగతి వేరు. అది పొరలు పొరలుగా వచ్చే సున్నపురాయి. ఆ పొరల వల్లనే పలకలుగా తీయడానికి అనువైంది, ఆ పొరల వల్లనే అంచుల్లో చీలుతుంది. దాని గట్టిదనం మోస్ కొలతలో మూడు దగ్గర ఉంటుంది. రాయచోటి చుట్టూ ఉన్న గుట్టల గ్రానైటులోని స్ఫటికానిది ఏడు. అందుకే గ్రానైటు దగ్గర పనికొచ్చే దెబ్బ కడప బండ మీద పనికిరాదు. హ్యామర్ ఆపి, అంచుకు దూరంగా, కార్బైడ్ మొన ఉన్న బిట్టుతో మెల్లగా తిప్పాలి. టైల్‌కూ అంతే. బిట్టు జారకుండా కాగితపు టేపు అంటించి, గాజులాంటి పైపొర దాటేదాకా ఓపిక పట్టాలి. బాగా గట్టి టైల్‌కు డైమండ్ బిట్టు కావాలి, వేడెక్కకుండా కొద్దికొద్దిగా నీళ్లు అందించాలి. ఆ నీళ్లు మిషన్‌ను తాకకూడదు.

ఇనుముకు సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, సన్న బిట్టుతో మొదలుపెట్టి, నూనె చుక్క వేసి తక్కువ వేగంతో పోవాలి. రేకునో పట్టీనో చేత్తో పట్టుకొని చిల్లు పెట్టడం చాలా ప్రమాదం. బిట్టు అవతలికి దిగే క్షణంలో ఇనుము పట్టేసి గిర్రున తిరుగుతుంది, వేళ్లు తెగుతాయి. వైస్‌లో బిగించాల్సిందే. చెక్కకైతే వెనక మరో ముక్క ఆనిస్తే అవతల పేళ్లు లేవవు.

ఇక్కడే గమనించాల్సిన సంగతి ఒకటుంది. పని బాగా రావడానికి చెప్పే మాటలూ, ఒళ్లు కాపాడుకోవడానికి చెప్పే మాటలూ వేరు కావు. మెల్లగా తిప్పితే టైల్ పగలదు, ముక్క కంట్లోకి ఎగరదు. ఇనుమును బిగిస్తే చిల్లు వంకరపోదు, చెయ్యీ తెగదు. స్విచ్ బోర్డుకు నిటారుగా పైనా కిందా చిల్లు పెట్టకపోతే వైర్లు తెగవు, షాకూ కొట్టదు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఇంట్లో ఉంటే మరీ మంచిది. మిషన్ వైరును బోర్డు నుంచి పీకాకే బిట్టు మార్చాలి. భుజం మీది టవలు, చున్నీ, వదులు చొక్కా చేతులు, గుడ్డ గ్లౌజులు తిరిగే బిట్టు దగ్గరికి రాకూడదు.

దుమ్ము మాత్రం నెమ్మదిగా పగ తీర్చుకుంటుంది. రాయి, కాంక్రీటు దుమ్ములోని సన్నటి సిలికా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. పాడైన ఊపిరితిత్తిని తిరిగి మామూలు చేసే మందు లేదు. వృత్తిగా రోజుకు పదుల చిల్లులు పెట్టేవాళ్లకు ముక్కు చుట్టూ కట్టుకున్న టవలు ఆ దుమ్మును ఆపలేదు, ఎన్95 మాస్కు కావాలి.

మన ఊళ్ల నుంచి కువైట్ పోయి పని నేర్చుకొని వచ్చిన ఫిట్టర్లు ఉన్నారు. వాళ్ల పక్కన నిలబడి పని నేర్చుకునే కుర్రాళ్లూ ఉన్నారు. చిల్లులోని దుమ్మును నోటితో ఊదేది ఆ కుర్రాళ్లే. వాళ్లకు మిషన్ అందించే ముందు కళ్లద్దాలు, మాస్కు అందించడం మేస్త్రీ బాధ్యత. వాటి ఖర్చును కూలితో పాటు లెక్కగట్టి ఇవ్వడం ఇంటివాళ్ల బాధ్యత.