పొలం దాకా నడక

అనంతగిరి మండలంలోని ఆ ఇంటికి చేరేసరికి పెదనాన్న నులక మంచం మీంచి లేవడానికి తంటాలు పడుతున్నాడు. బైపాస్ అయి నెల దాటింది. రొమ్ము ఎముక కోసి తీగలతో కట్టారు కాబట్టి చేతుల మీద బరువు మోపి లేవకూడదు. ఆస్పత్రిలో ఎత్తు మంచం మీద లేవడం నేర్పారు. ఇక్కడ మంచం మోకాటి కిందికి ఉంది, నులక నడుమ గుంట పడింది. ఆయన పక్కకు ఒత్తిగిలి, ముందు కాళ్ళు దించి, దిండును రొమ్ముకు అదుముకుని, ఊపిరి వదులుతూ లేచాడు. డెబ్బై ఏళ్ళు దాటిన రైతు అంత ఒడుపుగా లేవడం చూసి ముచ్చటేసింది.

మూలన మనవడు మూడు బంతుల డబ్బాతో ఆడుకుంటున్నాడు. పైపుతో గాలి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులకు ఆ కసరత్తు చేయించడానికే దాన్ని ఇంటికి ఇచ్చి పంపారు. తాత రెండు బంతుల దగ్గర ఆగిపోతాడు, వాడు మూడూ లేపుతాడు.

ఫైలు తెరిస్తే మందుల పట్టిక పొడుగ్గా ఉంది. వ్యాయామానికి దక్కింది ఒకే వాక్యం: రోజూ నడవండి. ఎంత జోరుగా నడవాలో, ఎక్కడ ఆగాలో ఒక్క ముక్క లేదు.

"జర నువ్వన్నా చెప్పు నాయనా, గడప దాటడు" అంది పెద్దమ్మ.

"పనిలేకుంట ఊళ్ళె తిరిగితే ఏమంటరు? యాడికి, యాడికి అని పదిమంది అడుగుతరు. గుండె బాగుచేసుకోను నడుస్తున్నా అని అందరికీ చెప్పుకోవాల్నా?" అని కసిరాడాయన.

ఈ గొడవకు ఏ డిశ్చార్జి కాగితంలోనూ జవాబు లేదు. పట్నంలో పార్కు ఉంటుంది, బూట్లు వేసుకుని గుండ్రంగా తిరిగితే ఎవరూ తలెత్తి చూడరు. పల్లెలో నడిచే మనిషికి ఒక పని ఉండాలి. కొడుకు ఆ కిటుకు పట్టాడు. "మడిలో నీళ్ళు ఎట్లున్నయో చూసి రా నాయినా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే పెదనాన్న బయల్దేరాడు, అదీ భుజాన పారతో! ఎముక అతికేదాకా బరువు ఎత్తకూడదని పెద్దమ్మ దాన్ని లాక్కుంది. నేను వెంట నడిచాను. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ జోరు సరిపోతుంది. మాట తెగిపోతుంటే తగ్గించాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా ఆగి కూర్చోవాలి, నొప్పి తగ్గకపోతే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఈ నాలుగు మాటలు తెలుగులో అచ్చేసి ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది?

నడక మాట అటుంచి, ఒకప్పుడు గుండెపోటు వస్తే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. 1952లో అమెరికా వైద్యులు లెవిన్, లౌన్ రోగుల్ని కుర్చీలో కూర్చోబెట్టడమే సాహసం అనిపించింది. మన దేశంలో 24 ఆస్పత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందితో యోగా-కేర్ పరిశోధన జరిగింది, ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. 12 వారాల్లో 13 తరగతులు. మరణాలు, మళ్ళీ వచ్చే గుండెపోట్లు తగ్గాయని గట్టిగా చెప్పలేకపోయారు గానీ, యోగా చేసినవాళ్ళు తమ పాత పనులకు మెరుగ్గా తిరిగి వెళ్ళగలిగారు. పెదనాన్నకు కావలసింది కూడా అదే, మళ్ళీ మడిగట్టు మీద నిలబడటం. సరైన మార్గదర్శనం ఉంటే ఇంటి దగ్గర చేసే వ్యాయామం ఆస్పత్రిలో చేసేదానికి తీసిపోదని విదేశీ అధ్యయనాలూ తేల్చాయి.

మనం మాత్రం డబ్బంతా ఆపరేషన్ బల్ల దగ్గరే పోస్తాం. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు కళ్ళెం వేసింది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు చేరింది. రెండూ మంచి పనులే. కానీ లక్షలు పోసి బాగుచేసిన గుండెతో ఇంటికొచ్చినాయన్ని కుర్చీలోంచి పదిసార్లు లేపి కూర్చోబెట్టే మనిషి లేకపోతే ఎలా? బీపీ, షుగర్ వాళ్ళను పలకరించడానికి ఆశా కార్యకర్త గడప గడపకూ వస్తూనే ఉంది. ఆమెకు ఈ పని నేర్పి, అదనంగా డబ్బిస్తే సరిపోతుంది. ఉట్టినే నెత్తిన వేయడం మాత్రం అన్యాయం.

తిరిగొస్తుంటే పక్కింటి ముసలమ్మ చాట పక్కన పెట్టి పలకరించింది. ఆమెకూ స్టెంటు పడిందట. నడుస్తున్నావా అవ్వా అంటే నవ్వింది. ఇంటి పని చేస్తనే ఉంటవు గదా, నీకింక నడకెందుకు అన్నారట ఇంట్లోవాళ్ళు. పెదనాన్న ఆగాడు. "రేపు నువ్వు గూడ రా వదినా, నీ చెలక దాకా పోయొద్దాం" అన్నాడు. పొద్దున వంట ఎవరు చేస్తారని ఆమె అడిగింది.