చోడి అంటే యాప్‌కి తెలీదు

తిండి లెక్కలు చెప్పే యాప్ ఒకటి హాస్టల్‌లో అందరూ వేసుకుంటుంటే నేనూ వేసుకున్నా. ఓట్స్ ఉన్నాయి, పిజ్జా ఉంది. "చోడి అంబలి" అని కొడితే ఏమీ రాలేదు. "రాగి" అని కొడితే వచ్చింది! (సామ అన్నం మాత్రం ఎంత వెతికినా లేదు.)

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో 100 గ్రాముల చోళ్లకు కాల్షియం 364 మిల్లీగ్రాములు. పాలిష్ బియ్యానికి 10 కూడా లేదు.

మా పాడేరు వైపు కొండ మీద చోడి, సామ తగ్గిపోయాయి. కోటా బియ్యాన్ని నేను తిట్టను, ఆకలి తీర్చింది అదే. కానీ మా చెల్లి పాలు తాగదు, అంబలి పోస్తే "ముసలోళ్ల తిండి" అంటది. ఎంత చెప్పినా వినలేదు. ఫోన్‌లో ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మాత్రం ఫోన్ లాక్కుని మళ్లీ చూసింది. అమ్మమ్మ నవ్వి, "ఇప్పుడు తెలిసిందేటి మీ ఫోనుకి?" అంది.

చెల్లి ఇప్పుడు బెల్లం వేస్తేనే తాగుతోంది. సరే, తాగనీ.

మన వంటలన్నీ మన పేర్లతో, మన గిన్నె కొలతలతో నోట్‌బుక్‌లో రాస్తున్నా. అరకు, చింతపల్లి, సీతంపేట వాళ్లు మీ వైపు చోడిని, సామని, వెదురు కొమ్ముల కూరని ఏమంటారో పంపండి.