సీడీ వేషంలో వైఫై

మూడొందలు పెట్టి గోరంత వైఫై డాంగిల్ కొన్నా. విండోస్‌లో పెడితే నెట్‌వర్క్ బదులు సీడీ డ్రైవ్ కనిపించింది! డ్రైవర్ అందులోనే ఉందట. ఇన్‌స్టాల్ చేశాక బుద్ధిగా వైఫై అయింది. నెట్ లేనివాడికి డ్రైవర్ చేతికందించడం, తెలివైన ఏర్పాటే.

ఉబుంటు 22.04 దగ్గర మొండికేసింది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొట్టి చూస్తే ఇంకా డిస్క్ వేషమే. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే టూల్‌తో ఆ ఉత్తుత్తి సీడీని ఎజెక్ట్ చేస్తే గానీ అసలు రూపం బయటపడలేదు. అయినా డ్రైవర్ లేదు. ఈ డాంగిల్‌లోని చిప్‌కి యూఎస్‌బీ డ్రైవర్ 2023లో వచ్చిన 6.2 కెర్నల్‌తో లోపలికి చేరింది, నాదేమో 5.15. కొత్త కెర్నల్ దించాలంటే మళ్లీ నెట్ కావాలి! ఫోన్‌కి కేబుల్ తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టా, క్షణంలో నెట్ వచ్చేసింది.



"ఫోన్‌తోనే వస్తుంటే మరి ఇదెందుకు కొన్నారు?" అంది మా ఆవిడ.